స్త్రీ గౌరవము - వాక్స్వాతంత్ర్యము

2025వ సంవత్సరము జూన్ నెలలో, పదిదినముల వ్యవధిలో, ఆంధ్రదేశమున రెండు సంఘటనలు జరిగినవి. ఒకటి మాటకు సంబంధించినది. రెండవది చేతకు సంబంధించినది. ఆ నెల 6వ తేదీన ‘సాక్షి’ టెలివిజనులో జరిగిన చర్చయందు పాల్గొన్న విశ్లేషకు డొకడు అమరావతి ప్రాంతమును పేర్కొనుచు, అచ్చటి స్త్రీల శీలమునకు అపఖ్యాతి తెచ్చు వ్యాఖ్య చేసెను. తుళ్లూరు పోలీసు ఠాణాలో కేసు నమోదైనది. చర్చను నిర్వహించిన వృద్ధ పాత్రికేయులు కొమ్మినేని శ్రీనివాసరావుగారిని 9వ తేదీన హైదరాబాదులో అరెస్టు చేసిరి; ఆ మాట పలికిన వ్యక్తిని అటుపిమ్మట పట్టిరి. 13వ తేదీన సుప్రీముకోర్టువారు శ్రీనివాసరావుగారి విడుదలకు ఆజ్ఞాపించుచు, ఆ మాట ఆయన నోట వెలువడినది కాదనియు, పాత్రికేయుని వాక్స్వాతంత్ర్యము రక్షింపబడవలెననియు చెప్పిరి. అట్లే ఆయన తన కార్యక్రమమున పరువునష్టము గలిగించు మాటల నాడరాదనియు, ఇతరుల నాడనీయరాదనియు కట్టడి చేసిరి.

మూడుదినములు గడచినవి. 16వ తేదీన కుప్పము మండలమునందలి యొక గ్రామమున, భర్త చేసిన 80,000 రూపాయల అప్పు తీరలేదని ఒక యిల్లాలిని త్రాళ్లతో చెట్టుకు కట్టివేసిరి. ఆ దృశ్యము చేతిఫోనులలో దేశమంతట ప్రాకినది. పోలీసులు కేసు పెట్టి నిందితులను పట్టిరి. ఇందుకు క్రొత్తశాసన మేదియు అక్కరలేకపోయినది. ఉన్న శాసనమే చాలినది.

ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినవారికి ఒక విషయము స్ఫురింపకమానదు. స్త్రీదేహముపై జరిగిన అత్యాచారమునుగూర్చి దేశమున రెండభిప్రాయములు లేకుండెను. స్త్రీని గూర్చి పలికిన మాటవిషయమున మాత్రము దేశము రెండుగా చీలినది. నోరుజారినవానిని చెరసాలలో పెట్టవలెనని కొందరు, నవ్వినవానిని సైతము పెట్టవలెనని మఱికొందరు, ఇది పత్రికలపై జరుగు దాడియని యింకొందరు వాదించిరి. స్త్రీద్వేషముతో పలుకు మాటను శాసనముచే శిక్షింపవచ్చునా? శిక్షించినచో ఎంతవరకు? ఎవరి ఫిర్యాదుపై? ఎవరి చేతిమీదుగా? ఈ ప్రశ్నలు నేడు మన గుమ్మమునకే వచ్చియున్నవి.

గుమ్మమునకే యనుట అతిశయోక్తి కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములవారికి కర్ణాటకము పరదేశము కాదు. మదనపల్లె మండిలో దింపిన టమాటాకు ధర నిర్ణయించువారిలో ఆవలి వర్తకులును గలరు. పుంగనూరు రైతునకు ముళబాగిలు సంత దూరము కాదు. కుప్పము స్టేషనులో రైలెక్కినవాడు పూట గడువకమునుపే బెంగుళూరున దిగును. ఆ కర్ణాటకమున 2025 డిసెంబరులో శాసనసభయు, విధానపరిషత్తును ద్వేషభాషణమును నివారించుటకై యొక బిల్లు నామోదించినవి. మతము, కులము, భాష, జన్మస్థలము మొదలగువానితోపాటు స్త్రీపురుషభేదమును ఆధారముగా గొని పలుకు ద్వేషవాక్కును సైతము ఆ బిల్లు నేరముగా నెంచినది. ఏడేండ్లవరకు కారాగారశిక్షను విధించినది. అట్టి బిల్లు శాసనమై అమలునకు వచ్చినచో, కుప్పమున కూర్చుండి ఫోనులో వ్రాసిన వాక్యము కోలారున చదువబడినప్పుడు అచ్చట నేరమగునా కాదా యన్న ప్రశ్న వెంటనే పుట్టును. కావున ఈ చర్చ మనకు అవశ్యకర్తవ్యము.

మొదట వ్యాధి యెట్టిదో చూతము. స్త్రీని దూషించుట మనదేశమున క్రొత్తవిద్య కాదు. పొలముగట్టు తగాదా మొదలు శాసనసభ తగాదా వరకు, ఎదిరిని లొంగదీయవలెనన్న అతని తల్లిని, భార్యను, కూతును వీధికీడ్చుట మన పురుషుల కలవాటు. మన తిట్లను పరిశీలించినచో వానిలో పెక్కింటికి గురియగునది ఎదుట నిలిచిన మగవాడు కాదు. ఆ తగాదాతో నెట్టి సంబంధమును లేక యింట నున్న స్త్రీ. పూర్వ మీ మాట కల్లుపాకలో పుట్టి కల్లుపాకలో గిట్టెడిది. నేడు ఫోనులో పుట్టి, గడియలోపల వేయిమంది చేతులకు ప్రాకి, తుడిచినను చెరుగక నిలుచుచున్నది. కాలుజారిన తీసికొనవచ్చును, నోరుజారిన తీసికొనలేమన్న పెద్దల సామెతకు ఇంత భయంకరమైన అర్థము ముందెన్నడును లేదు.

దీని ఫలము కేవలము మనస్తాపము కాదు. ఆంధ్రప్రదేశమున పంచాయతీలయందు సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడియున్నవి. ఒక గ్రామమున స్త్రీ సర్పంచి పదవికి నిలిచినదనుకొందము. ఆమె చెరువు పూడిక తీయింపలేదని విమర్శించినచో అది విమర్శ. ఆమె మొగమును మఱియొక దేహమునకు అతికించి బొమ్మచేసి ఊరివారి ఫోనులకు పంపినచో, రాత్రివేళ ఆమెకు బెదరింపులు వ్రాసినచో, అది విమర్శ కాదు. ఆమెను బహిరంగజీవనమునుండి తరిమివేయు ప్రయత్నము. ఆమె నామినేషను ఉపసంహరించుకొన్నచో, ఊరిలో ఒక స్వరము తగ్గినది. వాక్స్వాతంత్ర్యమును ప్రేమించువారు ముందుగా దుఃఖింపవలసిన దీ నష్టమునుగూర్చియే. నోరున్నవాని స్వాతంత్ర్యము పేర నోరులేనిదాని స్వాతంత్ర్యము హరింపబడుట న్యాయము కాదు. స్త్రీద్వేషవాక్కునకు శాసనము కావలెననువారి వాదమున కిదియే ప్రాణము. దీనిని తేలికగా త్రోసిపుచ్చుట తగదు.

అయిన నీ వ్యాధిలో మఱియొక లక్షణము గలదు. 2021 నవంబరు 19వ తేదీన, శాసనసభలో తన భార్యనుగూర్చి అనుచితవ్యాఖ్యలు చేయబడినవని కుప్పము శాసనసభ్యులైన నారా చంద్రబాబునాయుడుగారు విలేఖరుల యెదుట కన్నీరు పెట్టుకొనిరి. ఆ సభను కౌరవసభతో పోల్చి, ముఖ్యమంత్రిగానే తిరిగి అందడుగిడుదునని ప్రతిన పట్టిరి. అట్టి మాటలు తామాడలేదని నాటి అధికారపక్షమువారు బదులు చెప్పిరి. 2024 జూన్ 12వ తేదీన ఆయన మరల ముఖ్యమంత్రియైరి. ఆ నవంబరులోనే, నాయకులను, వారి యింటి స్త్రీలను ఫోనులలో దూషించిరన్న ఆరోపణపై రాష్ట్రమున పెక్కుమందిపై కేసులు పెట్టబడినవి; కొందరు చెరసాల పాలైరి. ఆ వ్రాతలలో కొన్ని సభ్యుడెవ్వడును చదువజాలనివి. కాని, ఆ పక్షమువారు గద్దెపైనున్నప్పుడు ఈ పక్షమువారిపైనను, ఈ పక్షమువారు గద్దెనెక్కినప్పుడు ఆ పక్షమువారిపైనను శాసనము విజృంభించుట రాష్ట్రప్రజలు చూచుచునే యున్నారు. స్త్రీని దూషించినవాడు తనపక్షమువాడైనచో కన్నుమూసికొనుటయు, ఎదిరిపక్షమువాడైనచో కత్తిదూయుటయు స్త్రీగౌరవము కాదు. స్త్రీపేర జరుగు పక్షయుద్ధము.

కౌరవసభ ప్రస్తావన వచ్చినది గావున ఒకమాట. భారతకథలో నిండుసభలో ద్రౌపది కేవల మేడ్వలేదు; ఆమె ధర్మసూక్ష్మమగు ప్రశ్న యొకటి యడిగినది. తన్నోడినవాడు తరువాత నన్నోడుటకు అధికారి యెట్లగునని యామె పెద్దలను నిలదీసినది. భీష్మాదులు నీళ్లు నమలిరి. భీముడు ప్రతినలు పట్టెను. ఆ ప్రతినలు నెరవేరుటకు కురుక్షేత్రమంతయు రుధిరమయ మయ్యెను. కాని యామె ప్రశ్నకు మాత్రము సభ యుత్తర మీయలేదు. నేటికిని మన వైఖరి యిదియే. స్త్రీకి అవమానము జరిగినప్పుడు ఆమె నిమిత్తముగా ప్రతినలు పట్టు పురుషులు పదిమంది గలరు. ఆమె యేమడుగుచున్నదో వినువాడు లేడు. స్త్రీగౌరవ రక్షణమునకై చేయు శాసనము ఆమె ప్రశ్నకు ఉత్తరము కావలెనుగాని, మగవాని ప్రతినకు ఆయుధము కారాదు.

ఇక ప్రస్తుతశాసనము నేమియున్నదో చూతము. శాసనము లేదనుట పొరపాటు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడు 509వ సెక్షను స్త్రీ మానమునకు అవమానము కలిగించు ఉద్దేశముతో పలికిన మాటను నేరముగా నెంచినది; 2013లో దాని శిక్ష మూడేండ్లకు పెంపబడినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో అదియే 79వ సెక్షను. లైంగికవ్యాఖ్యలను 75వ సెక్షనును, వెంటబడి వేధించుటను 78వ సెక్షనును శిక్షించుచున్నవి. బెదరింపునకు, పరువునష్టమునకు వేర్వేరు సెక్షనులు గలవు. పత్రికలలో, ప్రకటనలలో స్త్రీలను అసభ్యముగా చిత్రించుటను 1986 నాటి చట్టము నిషేధించినది. అశ్లీలచిత్రములను ఫోనులలో ప్రచురించువారికి 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము గలదు.

లేని దొక్కటియే. వర్గములమధ్య ద్వేషము రగుల్చుటను శిక్షించు 196వ సెక్షనులో మతము, జాతి, జన్మస్థలము, నివాసము, భాష, కులము పేర్కొనబడినవిగాని, స్త్రీత్వము పేర్కొనబడలేదు. ఒకానొక కులమును నిర్మూలింపుడని సభలో పిలుపునిచ్చినవాడు ఆ సెక్షనునకు లోబడును. స్త్రీలను కొట్టుడు, చెరుపుడని పిలుపునిచ్చినవాడు దానికి లోబడడు. ఈ లోపమును గుర్తించియే 2017 మార్చిలో లా కమిషనువారు తమ 267వ నివేదికలో ద్వేషమును ప్రేరేపించు వాక్కును శిక్షించుటకు రెండు క్రొత్త సెక్షనులను సూచించి, రక్షణీయలక్షణములలో లింగమును సైతము చేర్చిరి. 2024లో సంహిత అమలునకు వచ్చునప్పుడు ఈ సూచన పాటింపబడలేదు. కర్ణాటకపు బిల్లు ఈ ఖాళీని పూరింపజూచినది. ఉద్దేశము మంచిదే. కాని, శాసనమును దాని యుద్దేశమునుబట్టిగాక దాని మాటలనుబట్టి పోలీసులు అమలుపరతురు. ‘అసామరస్యము’, ‘వైమనస్యము’ వంటి కొలతలేని పదములు అందు చేరినప్పుడు ఏ వాక్యము బయటపడును? వరకట్నమును దూషించిన స్త్రీ తన కులమున వైమనస్యము కలిగించినదని వాదించుట కష్టమా?

ఈ భయము నిరాధారము కాదు. స్త్రీమర్యాదను కాపాడుటకే పుట్టితిమని చెప్పుకొన్న శాసనములు మొట్టమొదట ఎవరిని కాటువేసినవో మన చరిత్ర చెప్పుచున్నది. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహుని కాలమున ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ అను శృంగారకావ్యమును రచించెను. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు దానిని పరిష్కరించి, వావిళ్లవారిచే అచ్చువేయించిరి. పురుషులు వ్రాసిన శృంగారప్రబంధములు ఇంటింట వెలయుచుండగా, స్త్రీ రచించి స్త్రీ పరిష్కరించిన యీ కావ్యము అశ్లీలమని దొరతనమువారు ప్రతులను పట్టుకొని నిషేధించిరి. స్త్రీల సుగుణములకు భంగము వాటిల్లునని ఆ నిషేధమును సమర్థించినవారిలో మనవారును గలరు. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము 1947లో దానిని తొలగించువరకు మూడుదశాబ్దములకు పైగా ఆ కావ్యము నేరస్థురాలై యుండెను. సభ్యతపేర పన్నిన వలలో చిక్కినది స్త్రీస్వరమే.

మదనపల్లెవారికి మఱియొక దృష్టాంతము మిక్కిలి దగ్గరిది. 1915లో ఆ పట్టణమున దివ్యజ్ఞాన కళాశాల నెలకొల్పిన అనీబెసెంటమ్మగారిని ఎరుగనివా రచ్చట లేరు. 1917లో హోంరూలు ఉద్యమమునకుగాను దొరతనమువా రామెను నిర్బంధించినదియు అందరెరిగినదే. కాని, దానికి నలువదేండ్లు ముందు, 1877లో, లండనున ఆమె న్యాయస్థానమున నిందితురాలిగా నిలిచినది. చార్లెస్ బ్రాడ్లాగారితో కలిసి సంతాననిరోధమునుగూర్చిన చిన్నపుస్తకమును ప్రచురించుటయే యామె నేరము, అశ్లీలతయే ఆరోపణ. బీదస్త్రీలు ఏటేట ప్రసవములతో నశించుచున్నారని ఆమె తన వాదమును తానే వినిపించినది. పైకోర్టున సాంకేతికలోపముచే శిక్ష తప్పినదిగాని, ఆ వెంటనే తన కుమార్తెను తన సంరక్షణమునుండి కోల్పోయినది. స్త్రీలకు మేలుచేయు పుస్తకము స్త్రీలమర్యాద పేరనే దండింపబడినది. ఆ కళాశాలయందే, 1919లో రవీంద్రనాథుడు విచ్చేసిన దినములలో, ‘జనగణమన’ గీతపు బాణీని స్థిరపరచుటలో తోడ్పడిన మార్గరెట్ కజిన్సమ్మగారు సైతము, 1932లో అత్యవసర ఆర్డినెన్సులకు వ్యతిరేకముగా మాటలాడిన పాపమునకు కారాగార మనుభవించినది. స్త్రీలహక్కులకై పాటుపడిన యీ యిరువురును వాక్కును దండించు శాసనముల రుచి చూచినవారే.

ఇవి దొరలనాటి కథలని కొట్టివేయ వీలులేదు. స్వరాజ్యము వచ్చినపిమ్మట సమాచార సాంకేతిక చట్టమున 66ఏ అను సెక్షను చేరినది. చిరాకు కలిగించు సందేశమును, అవమానకరమగు సందేశమును అది నేరముగా నెంచినది. అట్టి శాసనము స్త్రీలను దూషించు దుర్మార్గులపై ప్రయోగింపబడునని యెంచిన అమాయకులు లేకపోలేదు. 2012 నవంబరులో, ఒక నాయకుని మరణానంతరము బొంబాయినగరము మూతపడుటను ప్రశ్నించిన వాక్యము వ్రాసినందుకును, ఆ వాక్యమును మెచ్చినందుకును, పాల్ఘరున పట్టుబడినవారు ఇరువురు యువతులు. ఆ సెక్షనును ఎదిరించి సుప్రీముకోర్టు కెక్కినది న్యాయశాస్త్ర విద్యార్థినియైన శ్రేయా సింఘాల్. 2015 మార్చి 24వ తేదీన కోర్టువా రా సెక్షనును కొట్టివేసిరి. చర్చించుట, వాదించుట ఎంత అప్రియమైనను స్వాతంత్ర్యములోనివే యనియు, నేరమునకు ప్రేరేపించుటతోనే శాసనమునకు అధికారము వచ్చుననియు ఆ తీర్పు సారము. అయినను, 2020 మే నెలలో విశాఖపట్టణపు విషవాయు దుర్ఘటనమునుగూర్చి ప్రశ్నలు ఫోనులో పంచుకొన్నందుకు గుంటూరున అరువదేండ్లు దాటిన స్త్రీపై కేసు పెట్టబడినది. పుట్ట మార్చినను పాము మారలేదు.

మా పత్రికవంటివానికి ఈ చరిత్ర వంశచరిత్రవంటిది. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వ్రాసిన వ్రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహ నేరముపై చెరసాల కేగిరి. ప్రభుత్వముపట్ల ‘అప్రీతి’ కలిగించుట యనునది నాటి సెక్షనులోని మాట. అప్రీతి యననేమి? దొర కేది నచ్చదో అది. 1927లో లాహోరునందలి యొక పుస్తకపు వివాదమునుండి 295ఏ సెక్షను పుట్టినది; మతముల శాంతికై చేసిన యా శాసనము నేటికిని గ్రంథకర్తల మెడపై కత్తియై వ్రేలాడుచున్నది. ఇన్ని చూచినవారము గావున, మంచి యుద్దేశముతో వచ్చిన శాసనమును సైతము తలుపువద్ద నిలిపి, నీవెవరవని, నీ చేతిలో నేమున్నదని అడుగుట మా వృత్తిధర్మము.

ఇతరదేశములు ఈ చిక్కును విప్పజూచినవి. బెల్జియము 2014లో స్త్రీపురుషభేదముతో అవమానించు మాటను, చేతను నేరముగా జేసినది. కాని, అట్టి యవమానము వ్యక్తిగౌరవమునకు తీవ్రభంగము కలిగింపవలెనని షరతు పెట్టినది. ఆ చట్టముక్రింద తొలిశిక్ష 2017లో, విధినిర్వహణమందున్న మహిళాపోలీసును ఆమె స్త్రీయన్న కారణమున హీనపరచినవానికి పడినది. ఇంగ్లండు లా కమిషనువారు 2021 డిసెంబరులో దీర్ఘవిచారణచేసి, ద్వేషనేరముల శాసనములలో స్త్రీత్వమును చేర్చుట స్త్రీలకే ప్రతికూలము కాగలదని చెప్పి వలదనిరి. స్కాట్లండు ప్రభుత్వము స్త్రీద్వేషమునకై ప్రత్యేకచట్టము చేయుదుమని వాగ్దానముచేసి, 2025 మేలో ఆ యత్నమును విడిచి, ఉన్న ద్వేషనేరచట్టమునందే స్త్రీపురుషభేదమును చేర్చ నిశ్చయించుకొన్నది. స్త్రీలను ప్రేమించు దేశములే యిట్లు తడబడుచుండగా, ఒక్క బిల్లుతో వ్యాధి కుదురునని చెప్పువాని మాట నమ్మదగినది కాదు.

అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండుమని మేము చెప్పము. మన రాజ్యాంగము 19వ అధికరణమున వాక్స్వాతంత్ర్యము నిచ్చుచునే, సభ్యత, పరువునష్టము, నేరప్రేరణము, ప్రజాశాంతి మొదలగు హద్దులను ఏర్పరచినది. 15వ అధికరణమున స్త్రీపురుషభేదముచే వివక్ష చూపరాదన్నది. స్త్రీలగౌరవమునకు భంగకరమగు ఆచారములను విడనాడుట పౌరుని విధియని 1976లో చేర్చినది. ఈ మూడును ఒక తల్లి బిడ్డలే. వానిని పోరునకు దింపక కలిపి నడుపు మార్గమును వెదకవలెను. మా యభిప్రాయమున అట్టి శాసనమునకు నాలుగు కట్టుబాట్లు అవసరము.

మొదటిది: శాసనము దండింపవలసినది బెదరింపును, హింసాప్రేరణమును, ఒకానొక స్త్రీని లక్ష్యముచేసి లైంగికముగా వేధించు నిరంతర దూషణమును. 196వ సెక్షనులో స్త్రీత్వమును చేర్చుట ఈ మేరకు న్యాయమే. కులముపై హింసకు పిలుపునిచ్చుట నేరమైనప్పుడు స్త్రీలపై హింసకు పిలుపునిచ్చుట నేరము కాకుండుట వింత. కాని, మూఢమైన యభిప్రాయము, మోటుహాస్యము, కటువైన విమర్శ - ఇవి ఎంత హేయములైనను పోలీసు ఠాణాకు పోవలసినవి కావు.

రెండవది: వాక్యము పలికినవాడు వేరు, విన్నవాడు, నవ్వినవాడు, సభను నిర్వహించినవాడు వేరు. నవ్వు సంస్కారలోపము కావచ్చును. దానికి ఖండనమే తగినది. నవ్వును నేరముగా నెంచు రాజ్యమున నవ్వనివాడును క్షేమముగా నుండడు. 2025 జూన్ 13 నాటి ఉత్తరువులోని సారము మన కిదియే నేర్పుచున్నది.

మూడవది: ఫిర్యాదు అవమానితయైన స్త్రీదిగాని, ఆమె యంగీకారముతో ఆమె పక్షమున చేయబడినదిగాని కావలెను. నాయకునిపై భక్తి గల కార్యకర్త, నాయకుని భార్యపేర, మూడుజిల్లాల ఆవల ఠాణాలో కాగితము పెట్టుట. ఆ కాగితముపై పోలీసులు రాత్రికిరాత్రి మనిషిని తరలించుట - ఇది స్త్రీ పేర జరుగు ఉత్సవమేగాని, స్త్రీకి జరిగిన న్యాయము కాదు. ఇంటిపరువు వేరు, స్త్రీగౌరవము వేరు. మొదటిది పురుషుని సొత్తుగా నెంచబడినది. రెండవది ఆమె స్వంతము.

నాలుగవది: చెరసాలకు ముందు విచారణ. 2025 మార్చి 28వ తేదీన ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీముకోర్టువారు, వాక్కుకు సంబంధించిన ఆరోపణలలో, మూడేండ్లు మొదలు ఏడేండ్లకు లోపలి శిక్షగల నేరములయందు, కేసు నమోదు చేయుటకు ముందు ప్రాథమికవిచారణ జరుపుట యుక్తమని చెప్పిరి. మాటయొక్క ప్రభావమును ధీరులును వివేకులును అగు మనుష్యుల దృష్టితో కొలవవలెనుగాని, ప్రతిమాటకు బెదరు దుర్బలుల దృష్టితో కాదనిరి. పాఠకులు గమనింపవలసిన సూక్ష్మ మొకటి ఇందున్నది. కర్ణాటకపు బిల్లు శిక్షను సరిగా ఏడేండ్లకు చేర్చినది. ‘ఏడేండ్లకు లోపల’ అన్న గీత దాటినయెడల ఆ ప్రాథమికవిచారణ రక్షణము అందకపోవును. శిక్షను పెంచుట కాఠిన్యమువలె కనిపించును; నిజమున అది పోలీసుచేతికి తాళపుచెవి యిచ్చుట. మన రాష్ట్రమున అట్టి శాసనము చేయ దలచినచో శాసనకర్తలు ఈ గీతను దాటకుందురుగాక.

మాపై రాగల యాక్షేపణ మేమెరుగుదుము. ‘ఇన్ని కట్టుబాట్లు పెట్టినచో దుర్మార్గులలో సగముమంది తప్పించుకొందురు, మీరు పురుషులు గావున ఓర్పు బోధించుచున్నారు’ అని స్త్రీ లనవచ్చును. ఈ మాటలో సత్యాంశము గలదు. అవమాన భారము మోయువారు వేరు, స్వాతంత్ర్యమునుగూర్చి వ్యాసము వ్రాయువారు వేరు. కాని, శాసనము తప్పించుకొనిపోవు సగమునకు వెలుపలినున్న మందు మఱియొకటి గలదు. అది మన చేతిలోనే యున్నది. దానిని మనము వాడకుండుటచేతనే యందరును శాసనమువంక చూచుచున్నారు.

రాజకీయపక్షములు తమలోని బూతుగాండ్రకు టిక్కెట్లు నిరాకరింపవలెను. ఎదిరిపక్షపు స్త్రీని తమవాడు దూషించిన నాడే, ఎవరును అడుగకమునుపే, ఖండింపవలెను. శాసనసభాధ్యక్షులు స్త్రీలనుగూర్చిన నీచపుమాటను సభావిశేషములనుండి తొలగించుటతో తృప్తిపడక, పలికినవానిని సభనుండి తొలగింపవలెను. పత్రికలును, టెలివిజనువారును బూతునకు వీక్షకులెక్కువయని దానికి పీట వేయుచున్నారు. మావృత్తివారి యీ దోషమును మేము దాచము. మాటవలన లాభించువాడు మాటకు బాధ్యుడు కావలెను. ఆ బాధ్యత నష్టపరిహారరూపమున సివిలుకోర్టులలో తేల్చుట చెరసాలకంటె మేలైనమార్గము. కారాగారము పలికినవానిని వీరుని చేయును; పరిహారమును, క్షమాపణమును వానిని చిన్నవానిని చేయును.

మన పట్టణములందలి గృహస్థులకును, భూస్వాములకును ఒకమాట. మీ యూరి స్త్రీ సర్పంచినిగూర్చిన నీచపుబొమ్మ మీ ఫోనులోనికి వచ్చినప్పుడు దానిని మఱియొకరికి పంపినవారిలో మీరున్నారా? రచ్చబండకడ ఆ మాట వినబడినప్పుడు లేచి ‘ఇది తగదు’ అన్నవారిలో మీరున్నారా? కుప్పము మండలమున ఆ యిల్లాలిని చెట్టుకు కట్టినప్పుడు ఆ త్రాడు ఒక్కదినమున పేనబడినది కాదు. ఆడది భర్త అప్పునకు జామీను, భర్త పాపమునకు గురి, భర్త పరువునకు కొలత యన్న మాటలు ఏండ్లతరబడి మనయిండ్లలో పలుకబడి, పోగుపోగున చేరి, తుదకు ఆ త్రాడైనది. త్రాడును కోయుటకు శాసనము చాలినది. పోగులను వడకుట మానవలసినది మనము.

శాసనసభ్యులు బిల్లు వ్రాయునాడు నాగరత్నమ్మగారిని, బెసెంటమ్మగారిని, పాల్ఘరు యువతులను ఒక్కపరి తలచుకొందురుగాక. తాము వ్రాయు వాక్యము రేపు అట్టి స్త్రీపై ప్రయోగింపబడునా యని తమ్ముతాము ప్రశ్నించుకొందురుగాక. ఆ పరీక్షకు నిలిచిన శాసనమును మేము మనఃపూర్వకముగా స్వాగతింతుము. నిలువని శాసనము ఎన్ని పుణ్యనామములు ధరించివచ్చినను, దానిని మేము ఎదిరింపకమానము.